మునినారాయణప్ప దొరబండి చల్లబడిన వైనం

మునినారాయణప్ప దొరబండి సిల్క్‌బోర్డు కూడలి దాకా చల్లగా పోయిందంటే ఆ రోజు రోడ్డు మీద జనం లేరని అర్థం. జనం ఉన్న రోజు సంగతి వేరు. సిగ్నల్ దగ్గర ఆగీ ఆగకముందే ఇంజన్ వేడి చూపే మీటరు ముల్లు ఎర్రగీత మీదికి ఎగబాకేది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమనేది. వెనకాల బస్సు డ్రైవరు హారన్ మీద పెట్టిన చెయ్యి తీసేవాడు కాదు. అప్పుడు ఆయన భార్య భారతి దిగేది. ఆమె కాళ్ల దగ్గర ఎప్పుడూ రెండు నీళ్ల క్యాన్లు, ఒక మందపాటి గోనెగుడ్డ ఉండేవి. గుడ్డతో రేడియేటర్ మూత పట్టి, మొహం పక్కకు తిప్పుకుని, తిప్పీ తిప్పనట్టు తిప్పేది. ఆవిరంతా పోయాక నీళ్లు పోసేది. మునినారాయణప్ప స్టీరింగ్ దగ్గరే కూర్చుని, "నిదానంగా పొయ్యే, నిదానంగా. ఇంగ్లాండు లోహం, పగులుతుంది," అని చెప్పేవాడు. ఆయన ప్యాంటు ఎప్పుడూ తెలుపు.

అది ముదురాకుపచ్చ రంగు వేసిన, టాపు లేని, ఇద్దరే పట్టే బండి. కోలార్ గనుల్లో పనిచేసిన ఒక ఇంగ్లీషు ఇంజినీరు దేశం విడిచిపోతూ, తన ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మునినారాయణప్ప తండ్రికి దాన్ని ఇచ్చిపోయాడు. ఆ దొరగారి ఊళ్లో మంచు కురుస్తుంది కాబట్టి బండి చేసినవాళ్లు ఇంజన్ ముందు ఒక ఇనప రెక్కల ఫ్యాను మాత్రం పెట్టి, దానికి బెల్టు తగిలించి వదిలేశారు. బండి పరిగెత్తితే ఆ ఫ్యాను పరిగెత్తుతుంది, బండి నిలబడితే అదీ నీరసపడుతుంది. తొంభైల బెంగళూరులో బండ్లు పరిగెత్తేది తక్కువ, నిలబడేది ఎక్కువ.

ఆ ఫ్యాను మార్పిద్దామని భారతి ఎన్నిసార్లు అడిగిందో. మునినారాయణప్ప చెవిన వేసుకునేవాడు కాదు.

"మా నాయన నా చేతిలో పెట్టినప్పుడు ఎట్లుండెనో అట్లే ఉండాల. ఒక్క స్క్రూ మారినా అది మా నాయన బండి కాదు, తెలిసిందా?"

"మీ నాయన దీన్ని రాబర్ట్‌సన్‌పేట నుంచి బంగారుపేటకు తోలినాడు. మధ్యలో రెండు ఎడ్లబండ్లు తప్ప ఏముండె? ఇప్పుడు చూడండి."

"అదంతా నీకు తెలీదు," అనేవాడు. ఆ మాటతో చర్చ ముగిసేది.

ఆయన బొమ్మసంద్రలో ఒక పంపుల ఫ్యాక్టరీలో కొనుగోళ్ల అధికారి. వారంలో ఆరు రోజులు కంపెనీ బస్సులో పోయి వస్తాడు. దొరబండిని ఆదివారాలూ, పెళ్లిళ్లకూ, పాత కార్ల బళగ మీటింగులకూ మాత్రమే తీస్తాడు. బళగ అంటే ఇలాంటి పాతబండ్లున్న ఏడెనిమిదిమంది కలిసి పెట్టుకున్న సంఘం. వాళ్లందరికీ ఒకటే నియమం: బండి పుట్టినప్పుడు ఏ సామాను ఉందో అదే ఉండాలి.

ఆ సంవత్సరం మాఘమాసంలో భారతి చెల్లెలి కూతురు పెళ్లి జయనగర్‌లో. భారతి ధర్మవరం చీర కట్టింది, తలనిండా మల్లెపూలు పెట్టింది. డైరీ సర్కిల్ దగ్గర బండి ఉడికింది. ఆ రోజు మూత కాస్త ఎక్కువ తిరిగింది. తుప్పునీళ్లు ఎగజిమ్మి చీర కుచ్చెళ్ల మీదంతా పడ్డాయి. ఒళ్లు కాలలేదు, అంతవరకు దేవుడు చల్లగా చూశాడు. కల్యాణ మంటపం చేరేసరికి తాళి కట్టడం అయిపోయి రెండో పంక్తి భోజనాలు నడుస్తున్నాయి. పెళ్లికొడుకు మేనత్త భారతి చీర వైపు జాలిగా చూసి, "అయ్యో, సాంబారు ఒలికిందా అమ్మా? వడ్డించేవాళ్లకు కండ్లు లేవు," అంది.

భారతి అన్నం కూడా తినలేదు. ఇంటికొచ్చి చీర నానబెట్టి, మరక పోదని తెలుసుకుని, వరండాలో కూర్చుంది. షెడ్డులో మునినారాయణప్ప గ్రిల్‌ను మెత్తని గుడ్డతో తుడుస్తూ ఈల వేస్తున్నాడు. ఆ ఈల వింటూ ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. భర్తతో వాదించడం ఇక మానేయాలి. వాదించకుండా చేయగలిగినది చేయాలి.

మార్త, భారతి గనుల ఊళ్లో ఒకే బడిలో, ఒకే బెంచీ మీద చదువుకున్నారు. మార్త తండ్రి గనుల్లో వైర్లు లాగే పని చేసేవాడు. కూతురు ఆ పనే నేర్చుకుని, మడివాళ మార్కెట్టు వెనక కార్ల ఎలక్ట్రికల్ షాపు పెట్టింది. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. భారతి చెప్పిందంతా విని ఆమె పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

"ఇరవై ఏండ్లాయ, ఇంగా ఆ పొయ్యి మీదనే ఊరేగతా ఉండావా? నాకు ముందే చెప్పింటే మీ ఆయనకు తెలీకుండా బండినే మార్చేసింటానే."

"బండి వద్దులే, ఫ్యాను చాలు. ఆయన కంట పడకూడదు. అట్ల అవుతుందా?"

"యాల కాదు? రేడియేటర్ వెనక ఉండే ఇనప ఫ్యాను అట్లే ఉండనీ, చూసుకోని మురిసిపోతాడు. ముందర, గ్రిల్‌కూ రేడియేటర్‌కూ నడాన, కరెంటు ఫ్యాన్లు రెండు పెడదాం. నల్లరంగు కొడితే చీకట్లో కలిసిపోతాయి. నీళ్లు వేడెక్కితే స్విచ్చు దాని పాటికి అదే ఆన్ అవుతుంది, చల్లారితే ఆఫ్ అవుతుంది. మీ ఆయన చెయ్యి పెట్టే పనే ల్యా."

"మరి సద్దు?"

"ఆ బండి సైలెన్సర్ సద్దుకు పక్కన బాంబు పడినా వినబడదు."

ఇక అదను కావాలి. మార్చి నెలలో అదీ వచ్చింది. కొనుగోళ్ల అధికారులు మనుషుల మీద ఎక్కువ అరుస్తున్నారని ఫ్యాక్టరీవాళ్లు వాళ్లందరినీ ఒక వారం పుణెకు, మనసు నెమ్మది చేసుకునే శిక్షణకు పంపారు. మునినారాయణప్ప రైలెక్కుతూ, "బండి మీద దుమ్ము పడకుండా చూసుకో," అని చెప్పాడు. భారతి ఎంతో భక్తిగా తల ఊపింది.

మర్నాడు పొద్దున్నే మార్త పనిముట్ల పెట్టెతో షెడ్డులోకి దిగింది. శివాజీనగర్ పాతసామాన్ల గుజిరీలో దెబ్బతిన్న చిన్న కార్లలోంచి తీసిన రెండు ఫ్యాన్లు తెచ్చింది. గ్రిల్ విప్పి, రేడియేటర్ ముందు రెండు ఇనప పట్టీలు బిగించి, వాటి మీద ఫ్యాన్లు కూర్చోబెట్టింది. వైర్లు కలిపి, ముందుకు వంగి చూస్తూ, "స్విచ్చు వెయ్యే," అంది.

భారతి వేసింది. రెండు ఫ్యాన్లూ గిర్రున తిరిగాయి. ఇన్నేళ్లుగా రేడియేటర్ సందుల్లో ఇరుక్కున్న దుమ్ము, ఎండిన చీమలు, ఏ ఆయుధపూజనాటివో బంతిపూల రెక్కలు, అన్నీ కలిసి మార్త మొహాన వచ్చి పడ్డాయి.

"ఆపే! ఆపే!"

భారతి ఆపింది. మార్త కనురెప్పల మీద దుమ్ము, ముక్కు మీద ఒక బంతిరెక్క. భారతి నవ్వు ఆపుకోలేక మడ్‌గార్డు పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

"గాలి లోపలికి తోసేదానికి బదులు బయటికి తోస్తా ఉండాది," అంది మార్త తుమ్ముల మధ్య. "తలతిక్క దొర! అన్ని బండ్లలోనూ బాడీకి మైనస్ ఇస్తారు, వీడు ప్లస్ ఇచ్చినాడు. నేనూ చూసుకోలేదు చూడు, గాడిద మాదిరి."

వైర్లు అటుది ఇటు మార్చింది. ఈసారి గాలి సరిగ్గా లోపలికి పోయింది. బండిలో ఉన్న డైనమో రెండు ఫ్యాన్లను మోయలేదని పెద్ద బ్యాటరీ పెట్టి, దాని మీద పాత బ్యాటరీ మూత అంటించింది. గ్రిల్ మళ్లీ బిగించాక భారతి మోకాళ్ల మీద కూర్చుని కళ్లు చికిలించి చూసింది. గ్రిల్ వెనక నలుపు తప్ప ఏమీ కనబడలేదు.

"ఒక మాట," అంది మార్త చేతులు తుడుచుకుంటూ. "బండి ఆపినంక కూడా ఈ ఫ్యాన్లు కొంచెం సేపు తిరగతాయి. ఇంజన్ ఆగినా వేడి ఆగదు కదా. ఆ నిమిషం నువ్వే ఎట్లనో సంబాళించుకోవాల. ఇంగ నాకు ఓళిగలు ఎప్పుడు?"

అప్పుడే పెట్టింది భారతి, వేడి బొబ్బట్లు నెయ్యి వేసి.

పుణె నుంచి మునినారాయణప్ప కొత్త మనిషిగా తిరిగొచ్చాడు. మాట మెల్లగా వస్తోంది. నడక మెల్లగా సాగుతోంది. అక్కడ ఒక గురువు, కోపం వచ్చినప్పుడు ముక్కుతో గాలి పీల్చి, లోపల కాసేపు ఉంచి, నోటితో వదలమని నేర్పాడట. ఆదివారం బండి తీశాడు. సిల్క్‌బోర్డు దగ్గర ట్రాఫిక్కు మామూలుగానే దారంలా చిక్కుపడి ఉంది. ముల్లు పైకి లేవడం మొదలుపెట్టింది. మునినారాయణప్ప కళ్లు మూసుకుని గాలి పీల్చాడు. ముల్లు సగంలో ఆగింది. గాలి వదిలాడు. ముల్లు కిందికి దిగింది.

ఆయన కళ్లు తెరిచి ముల్లు వంక చూశాడు. మళ్లీ పీల్చి, మళ్లీ వదిలి చూశాడు. సిగ్నల్ పచ్చబడింది, బండి నిమ్మళంగా ముందుకు కదిలింది.

"భారతీ," అన్నాడు ముల్లు వైపు చూపిస్తూ, "చూస్తివా?"

"దేన్ని?"

"ఇన్నాళ్లూ బండి వేడెక్కింది నా కోపానికే! తోలేవాని ఉడుకు బండికి తగలతా ఉండె. నేను శాంతపడితే అదీ శాంతపడింది. గురువుగారు చెప్పింది ఇదే."

భారతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు తిరిగింది. భుజాలు ఊగుతుంటే ఆయన, ఏడుస్తోందనుకుని, వీపు తట్టాడు.

ఇంటి దగ్గర అసలు కష్టం మొదలైంది. బండి షెడ్డులో ఆపగానే సైలెన్సర్ నోరు మూసుకుంటుంది, ఫ్యాన్ల గుయ్యిమనే రొద వినబడుతుంది. అందుకని భారతి బండి ఆగేలోపే దూకి, షెడ్డు పక్కనే ఉన్న వంటింట్లోకి పరిగెత్తి మిక్సీ వేసేది. ఎక్కడికి వెళ్లొచ్చినా, కాళ్లు కూడా కడుక్కోకుండా పల్లీల చట్నీ రుబ్బేది. మునినారాయణప్ప మొదట వింతగా చూసినా, తరవాత బండి దిగుతూనే దోసె అడగడం అలవాటు చేసుకున్నాడు.

ఒక సాయంత్రం వాళ్లు వచ్చేసరికి కరెంటు లేదు. మిక్సీ మీట నొక్కి చూసింది, పలకలేదు. షెడ్డులో రొద సాగుతోంది. మునినారాయణప్ప తల పక్కకు వంచి, "ఏందే ఆ సద్దు?" అంటూ గ్రిల్ వైపు వంగుతున్నాడు.

"పాము!" అని అరిచింది భారతి. "పామండీ! బండి కింద! బుస కొడతా ఉండాది!"

తెల్లప్యాంటు ఒక్క గెంతులో కాంపౌండు గోడ ఎక్కింది. ఎక్కిన మనిషి చీకటి పడేదాకా దిగలేదు. గోడ మీద కూర్చునే గాలి పీల్చి వదిలాడు. మర్నాడు షెడ్డు చుట్టూ వెల్లుల్లి దంచి చల్లించాడు. ఆ వాసన భరించలేక పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. భారతికి కొంచెం పాపం అనిపించింది. ఆ రాత్రి ఆయనకు ఇష్టమని సంకటి, చిక్కుడుగింజల పులుసు చేసిపెట్టి ఆ పాపం కడిగేసుకుంది.

ఆయన మాత్రం తన రహస్యం దాచుకోలేదు. బళగ మీటింగులో నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు. రేడియేటర్ అంటే మనిషి కడుపులాంటిది, ఆవిరి అంటే అహంకారం, ఇలా సాగింది. ఆదినారాయణప్ప వెనక వరసలో కూర్చుని కిసుక్కుమన్నాడు. ఆయనకు నల్ల రంగు రెండు సీట్ల బండి ఉంది, మునినారాయణప్పకూ ఆయనకూ చిన్నప్పటినుంచీ పోటీ.

"ఏమప్పా మునినారాయణా, బండికి కూడా యోగాసనాలు నేర్పినావా?"

"నీకు నమ్మకం లేకుంటే వద్దులేప్పా. నీ బండి ఉడకనీ, నాకేమి?"

ఆ రోజు ఆదినారాయణప్ప ఇంటికెళ్తుంటే కోరమంగళ దగ్గర బండి ఉడికింది, ఆయన భార్య నాగరత్న నీళ్ల కోసం అరమైలు నడిచింది. మరుసటి నెల మీటింగుకు మాత్రం ఆదినారాయణప్ప బండి చల్లగా వచ్చింది. ఆయన కాస్త సిగ్గుపడుతూ లేచి, "నేనూ పీల్చి వదిలి చూస్తినప్పా. ఉండాది, దాంట్లో ఏదో ఉండాది," అన్నాడు. దాంతో బళగ అంతా ఊపిరి మీద పడింది. ఒక్కొక్కరి బండీ చల్లబడుతూ వచ్చింది.

భారతికి ఇదంతా అర్థం కాలేదు. తన బండి సంగతి సరే, మిగతావాళ్లవి ఎలా చల్లబడుతున్నాయి? ఒక రాత్రి మంచం మీద పడుకుని, ఎవరూ చూడకుండా, ముక్కుతో గాలి పీల్చి నోటితో వదిలి చూసింది. ఏమో, ఆ పుణె గురువు మాటలో నిజంగానే మహిమ ఉందేమో అని ఒక్క క్షణం అనుమానం కూడా వచ్చింది.

మే ఆఖరున బళగ వార్షికోత్సవం. ఊరవతల బ్రూక్‌ఫీల్డ్ దగ్గర ఒక స్కూలు మైదానంలో ఏర్పాటు చేశారు. ఈసారి అందం పోటీతో పాటు శాంతం పోటీ అని కొత్తది పెట్టించాడు మునినారాయణప్ప. బండ్లన్నీ మిట్టమధ్యాహ్నం ఎండలో, ఇంజన్లు ఆన్ చేసి, కదలకుండా నిలబడాలి. చివరిదాకా ఉడకని బండికి కప్పు. సంఘం అధ్యక్షుడు వెంకటరాయప్ప కూడా తన పాత క్రీమురంగు బండితో పోటీలో ఉన్నాడు. ఆయన పెళ్లి చేసుకోని మనిషి, నియమాల మనిషి. బండి టైర్లలో గాలి తప్ప మిగిలినదంతా పుట్టినప్పటిదే అని చెప్పుకుంటాడు.

ఆడవాళ్లు షామియానా కింద కుర్చీల్లో కూర్చున్నారు. ఈల వేశారు. ఇంజన్లన్నీ ఒక్కసారి గర్జించాయి. వరసగా నిలిచిన బండ్లలో మగవాళ్లందరూ కళ్లు మూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, గాలి పీల్చడం మొదలుపెట్టారు. చూడడానికి ఎవరో పెద్దమనిషి పోయినందుకు మౌనం పాటిస్తున్నట్టు ఉంది.

కాసేపటికే వెంకటరాయప్ప బండి బుస్సుమంది. ఆవిరి మబ్బులా లేచింది. ఆయన దగ్గుతూ దిగి, తనకు శాంతం చాలలేదని ఒప్పుకుని, చెట్టు నీడకు పోయాడు. మిగతా బండ్లలో ఒక్కటీ ఉడకలేదు. ఎండ నెత్తి మీద నుంచి కొంచెం వాలింది. వంటవాళ్లు బిసిబేళెబాత్ ఆరిపోతోందని రెండుసార్లు కబురు పంపారు. ముఖ్య అతిథిగా వచ్చిన స్కూలు హెడ్‌మాస్టరు ఆవులింత ఆపుకున్నాడు. చివరికి వెంకటరాయప్ప మైకు పట్టుకున్నాడు.

"ఇంగ చాలప్పా. మిగిలిన అందరూ గెలిచినట్టే. శాంతానికి ఇంత శక్తి ఉండాదని నేను అనుకోలేదు. అందరూ ఇంజన్లు ఆపండి, హెడ్‌మాస్టరుగారు రెండు మాటలు చెబుతారు."

ఇంజన్లన్నీ ఆగాయి. మైదానం నిశ్శబ్దమైంది.

భారతికి అప్పుడు ఫ్యాన్లు గుర్తొచ్చాయి. ఇక్కడ మిక్సీ లేదు. పాము అని అరుద్దామంటే ఇంతమంది జనం. హెడ్‌మాస్టరు గొంతు సవరించుకున్నాడు. దొరబండి ముందుభాగంలోంచి సన్నగా, స్పష్టంగా, గుయ్యిమని రొద మొదలైంది.

మునినారాయణప్ప కళ్లు తెరిచాడు. అందరూ ఆయన బండి వైపే చూస్తున్నారు. ఆయన కంగారుపడలేదు. చెయ్యి పైకెత్తి, "భయపడొద్దండి. బండి ఊపిరి వదులుతా ఉండాది," అన్నాడు.

ఆదినారాయణప్ప ఊరుకునే మనిషా? గబగబా దిగొచ్చి గ్రిల్ దగ్గర కూర్చున్నాడు. టార్చిలైటు ఎవరిదో లాక్కుని లోపలికి వేశాడు.

"ఊపిరి కాదప్పా, ఫ్యాను! ఒకటి కాదు, రెండుండాయి! ప్లాస్టిక్ ఫ్యాన్లు! చూడండప్పా అందరూ, శాంతం గురువుగారి శాంతం ఎక్కడుండాదో చూడండి!"

మునినారాయణప్ప దిగొచ్చాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు, తెల్లప్యాంటు సంగతి మరిచి. లోపలికి చూశాడు. మెల్లగా తల తిప్పి షామియానా వైపు, భారతి వైపు చూశాడు. భారతి కూర్చున్న కుర్చీ ఒక్కసారిగా ఇరుకైపోయినట్టు అనిపించింది.

"మోసం!" అని ఇంకా అరుస్తున్నాడు ఆదినారాయణప్ప. "బళగకే అవమానం! ఇట్లాంటి మనిషిని..."

ఆ మాట పూర్తి కాలేదు. ఆయన వెనక, ఇంజన్ ఆగినా ఆగని వేడికి, ఆయన నల్లబండి కూడా గుయ్యిమంది.

ఆదినారాయణప్ప నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఆ పక్కన ఎర్రబండి అందుకుంది. దాని పక్కన నీలం బండి. వరసలో ఆ చివరిదాకా, ఒకదాని తరవాత ఒకటి, బండ్లన్నీ గుయ్యిమన్నాయి. వెంకటరాయప్ప చెట్టు కింద నుంచి లేచి, "ఎవురప్పా తేనెతుట్టె కదిలించింది?" అని తలకు తువ్వాలు చుట్టుకున్నాడు.

భారతి చటుక్కున నాగరత్న వైపు తిరిగింది. నాగరత్న షామియానా గుడ్డ మీద ఉన్న పూల బొమ్మలను ఎన్నడూ చూడనట్టు చూస్తోంది. ఆ పక్కావిడ చెప్పుల వారు సర్దుకుంటోంది. ఇంకొకావిడ పర్సులో ఏదో వెతుకుతోంది.

"నువ్వు కూడానా?" అంది భారతి గుసగుసగా.

"మార్త నీ స్నేహితురాలా?" అంది నాగరత్న పైకే చూస్తూ.

ఎవరు ముందు నవ్వారో తెలీదు. షామియానా కింద ఆడవాళ్లందరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. హెడ్‌మాస్టరు ఏమీ అర్థంకాక, మర్యాదకు తనూ నవ్వి, చప్పట్లు కొట్టాడు. నియమం ప్రకారం కప్పు వెంకటరాయప్పకు ఇచ్చారు, పుట్టినప్పటి సామానుతో ఉన్న బండి ఆయనది ఒక్కటే కాబట్టి. కప్పు అందుకుంటూ ఆయన మైకులో, "నాకు పెండ్లాం ల్యాకపోవడం వల్ల వచ్చిన గౌరవం ఇది," అన్నాడు.

తిరుగుదారిలో మారతహళ్లి దగ్గర లారీల వెనక ఇరుక్కున్నారు. ముల్లు సగంలోనే నిలబడింది. మునినారాయణప్ప దాని మీదినుంచి కన్ను తీయకుండా అడిగాడు.

"నా బండి ముట్టుకునేదానికి నీకు ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలా. ఇరవై ఏండ్లు నీళ్లు పోసినా. ఆ హక్కు చాలదా?" భారతి కుచ్చెళ్లు సర్దుకుంది. "నా చెల్లెలి కూతురి మెడలో తాళి పడేది నేను చూడలేదు. ఆ పెద్దామె నన్ను చూసి సాంబారా అన్నె. మీరు ఇంటికొచ్చి ఈల వేస్తిరి."

ఆయన స్టీరింగ్ మీద బొటనవేలు అటూ ఇటూ రుద్దాడు. ఈల సంగతి ఆయనకు గుర్తులేదు. గుర్తులేదని చెప్పబోయి మానుకున్నాడు.

"చెప్పింటే..."

"చెప్తిని. మస్తుసార్లు చెప్తిని. 'అదంతా నీకు తెలీదు' అంటిరి."

లారీలు కొంచెం కదిలి మళ్లీ ఆగాయి. ఆయన ముల్లు వంక చూసి, చిన్నపిల్లాడిలా అడిగాడు:

"అయితే ఆ ఊపిరి... దాంట్లో ఏమీ ల్యాదంటావా?"

భారతి ఆలోచించింది. అబద్ధం చెప్పదలచుకోలేదు. "బండికైతే ల్యాదు. మీకు మాత్రం పనిచేసింది. పుణె నుంచి వచ్చినప్పటినుంచి రోడ్డు మీద మీరు ఒక్కసారైనా నా మీద అరిచినారా?"

ఆయన కాసేపు లెక్క వేసుకుని, "ల్యా," అన్నాడు. ఇంకాసేపటికి, "ఆ పాము?" అన్నాడు.

"అదీ ఫ్యానే."

మునినారాయణప్పకు తను గోడ మీద కూర్చున్న సాయంత్రం కళ్ల ముందు కదిలింది. ముందు మీసం వణికింది, తరవాత పొట్ట ఊగింది, చివరికి స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వాడు. పక్క ఆటోలో వాళ్లు తొంగిచూశారు.

మర్నాడు భారతి మార్త షాపుకు పోయి నిలదీసింది. "అందరికీ నువ్వే పెట్టి, నాకు ఒక్క మాట చెప్పకపోతివే!"

"నువ్వు ఎవురికీ చెప్పొద్దంటివి. నీళ్ల కోసం నా షాపుకొచ్చిన నాగరత్నా అదే అన్నె. తక్కినవాళ్లూ అంతే," అంది మార్త పట్టకారతో వైరు కత్తిరిస్తూ. "చర్చి ఫాదరుకు, డాక్టరుకు, నాకు ఒకటే నియమం."

బళగ మరుసటి మీటింగులో పెద్ద రభస జరిగింది. చివరికి, ఇంటి శాంతి కోసం చేసిన మార్పును మార్పుగా లెక్కించరాదని తీర్మానించారు. తీర్మానం రాసింది ఆదినారాయణప్ప.

జూన్‌లో ఒక రోజు మార్త ఫోను చేసింది. గొంతులో నవ్వు కుతకుత ఉడుకుతోంది.

"మీ ఆయన వచ్చి పోయినాడే. బండిలో టేప్‌రికార్డరు పెట్టాలంట. డాష్‌బోర్డు వెనక, కనబడకుండా. భారతికి మాత్రం చెప్పొద్దు, ఆమె ఎగతాళి చేస్తుంది అన్నాడు."

"మరి నీ నియమం ఏమాయె?"

"నియమం ఆడవాళ్లకు," అని ఫోను పెట్టేసింది మార్త.

ఆ ఆదివారం దొరబండి హోసూరు రోడ్డెక్కింది. చినుకులు పడేటట్టు ఉంది, గాలి చల్లగా వీస్తోంది. బొమ్మనహళ్లి సిగ్నల్ దగ్గర ఆగగానే మునినారాయణప్ప ఎడమ చెయ్యి మెల్లగా డాష్‌బోర్డు కిందికి పాకింది. ఎక్కడినుంచో సన్నాయి పాట సన్నగా మొదలైంది. ఆయన ఏమీ ఎరగనట్టు పక్కన ఆగిన ఆటో వైపు చూశాడు.

భారతి కూడా ఆటో వైపే చూసి, కొంగు బిగించుకుంది.

"మంచి ఆటో," అంది. "స్వల్ప మెల్లగా పోనీండి, దాని పక్కనే."